అజాథయోప్రిన్ మొదలుపెట్టే ముందు: మేనమామకు జుట్టు ఊడిన ఇంట్లో మేనల్లుడికి ఏ జన్యు పరీక్ష?

పలమనేరు నుంచి మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. తమ్ముడికి 26 ఏళ్లు, 54 కిలోలు, అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగు వాచి పుండ్లు పడే జబ్బు). ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్‌ను 10 మి.గ్రా. కిందికి దించితే మళ్లీ రక్తం పడుతోంది. తిరుపతిలో చూసే డాక్టరుగారు రోగనిరోధక శక్తిని అణిచే అజాథయోప్రిన్ 50 మి.గ్రా. రాశారు. మీ మేనమామకు చర్మం జబ్బుకని ఇదే మందు ఇస్తే మూడో వారంలో జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడి, తెల్లకణాలు 900కి పడిపోయి, ఆసుపత్రిలో చేరాల్సి వచ్చింది. మీ అమ్మగారు తన సొంత మేనమామనే చేసుకున్నారు. ఈ మందును ఒంట్లో కరిగించే ఎంజైముకు చేసే టీపీఎంటీ పరీక్ష ఒక్కటి చాలా, నార్మల్ వస్తే ధైర్యంగా వేసుకోవచ్చా, దీనికోసం వెల్లూరు వెళ్లాలా అన్నవి మీ ప్రశ్నలు.

టీపీఎంటీ ఒక్కటి చాలదు. మీ ఇంటి సంగతి చూస్తే అసలు ముందు చేయించాల్సింది ఎన్‌యూడీటీ15 అనే ఇంకో ఎంజైము జన్యువుకు పరీక్ష. మాత్ర ఇంకా మొదలుపెట్టకపోతే ఆ రిపోర్టు వచ్చేదాకా మొదలుపెట్టకండి. ఇప్పటికే వేసుకుంటుంటే ఈరోజే సీబీపీ (రక్తకణాల లెక్క) చేయించి, మేనమామకు జరిగింది డాక్టరుగారికి ఫోన్లో చెప్పి, ఆపమంటారేమో అడగండి. అజాథయోప్రిన్ పూర్తిగా పనిచేయడానికి ఎలాగూ రెండు మూడు నెలలు పడుతుంది కాబట్టి వారం పది రోజుల ఆలస్యం వల్ల పోయేదేమీ లేదు. ఈలోగా స్టెరాయిడ్‌ను మాత్రం సొంతంగా ఆపేయకూడదు. మేనమామ విషయం డాక్టరుగారికి తెలిసి ఉండకపోవచ్చు. "ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు ఉందా" అని అడిగితే మనం పేగు జబ్బు గురించే చెబుతాం, చర్మం జబ్బుకు వాడిన మందు గుర్తుకు రాదు.

ఎన్‌యూడీటీ15 ఎందుకో చెబుతాను. అజాథయోప్రిన్ ఒంట్లోకి వెళ్లాక 6-మెర్కాప్టోప్యూరిన్‌గా మారి, అక్కడి నుంచి థయోగ్వానిన్ న్యూక్లియోటైడ్లు అవుతుంది. పనిచేసేవీ, మితిమీరితే చంపేసేవీ అవే. దారిలో మందు కొంత ఖర్చయిపోవడానికి మూడు చోట్లున్నాయి. క్సాంథిన్ ఆక్సిడేజ్ అనే ఎంజైము కొంత మందును నిరపాయకరమైన పదార్థంగా మారుస్తుంది. టీపీఎంటీ ఇంకొంత మందుకు మిథైల్ తగిలించి పక్కకు తప్పిస్తుంది. చివర్లో డీఎన్ఏలో దూరడానికి సిద్ధంగా ఉన్న థయోగ్వానిన్ ట్రైఫాస్ఫేట్ నుంచి ఫాస్ఫేట్లు తీసేసి దాన్ని మళ్లీ వెనక్కి పంపేది ఎన్‌యూడీటీ15. ఈ చివరిది పనిచేయకపోతే మందు అడ్డూ అదుపూ లేకుండా డీఎన్ఏలోకి చేరుతుంది. దెబ్బ ముందుగా తగిలేది ఒంట్లో అన్నిటికన్నా వేగంగా విభజించుకునే కణాలకు, అంటే ఎముక మజ్జకూ జుట్టు కుదుళ్లకూ. మీ మేనమామకు జుట్టూ తెల్లకణాలూ రెండూ ఒకేసారి పోవడానికి కారణం దాదాపు ఇదే. మామూలుగా ఈ మందుతో జుట్టు కొద్దిగా పలచబడటం కొందరిలో ఉంటుంది. మొదటి నెలలోనే కుచ్చులుగా ఊడిపోయిందంటే అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వచ్చే ఎన్‌యూడీటీ15 జన్యువు రెండు కాపీలూ దెబ్బతిన్నాయనే అనుకుని మొదలుపెట్టాలి.

టీపీఎంటీకి అంత పేరు రావడానికి కారణం తొలి పరిశోధనలు ఎక్కువగా యూరప్ జాతుల మీద జరగడమే. వాళ్లలో సుమారు పదిమందిలో ఒకరికి టీపీఎంటీ ఒక కాపీ మందగించి ఉంటుంది, మూడు వందల మందిలో ఒకరికి రెండూ పోయి ఉంటాయి. కొరియాలో టీపీఎంటీ మార్పులు అరుదు, అయినా ఈ మందుతో తెల్లకణాలు పడిపోవడం యూరప్ కన్నా ఎక్కువ. ఆ తేడా ఎక్కడిదని వెతికితే 2014లో అక్కడి క్రోన్స్ (ఇలాంటిదే ఇంకో పేగు జబ్బు) రోగుల్లో ఎన్‌యూడీటీ15 మార్పు బయటపడింది. మన దేశంలోనూ పరిస్థితి కొరియాకే దగ్గర. నూటికి సుమారు పది పదిహేను మందికి ఎన్‌యూడీటీ15 మార్పు కనీసం ఒక కాపీలో ఉంటుంది, టీపీఎంటీ మార్పు అంతకన్నా బాగా తక్కువ. ఇంత తెలిసి కూడా కొన్ని ల్యాబుల్లో "థయోప్యూరిన్ పరీక్ష" (అజాథయోప్రిన్ కోవ మందులకు చేసేది) అంటే టీపీఎంటీ ఒక్కటే చేసి పంపుతారు. మన ప్రాంతంవాళ్లకు అలాంటి రిపోర్టు తప్పుడు ధైర్యం ఇస్తుంది, దాన్ని నమ్ముకోవద్దు.

మేనరికం సంగతి. దెబ్బతిన్న జన్యువు ఒక కాపీయే ఉంటే ప్రమాదం ఓ మోస్తరు, రెండూ ఉంటే తీవ్రం. మేనమామకు రెండూ ఉన్నాయనుకుంటే మీ తాతకూ అవ్వకూ చెరొకటి తప్పకుండా ఉండాలి. మీ అమ్మగారు ఆయన తోడబుట్టినవారు కాబట్టి ఆమెకు కనీసం ఒకటి ఉండే అవకాశం నాలుగింట మూడు వంతులు. మీ నాన్నగారు మీ అవ్వకు తమ్ముడు, అంటే ఆయనకు ఉండే అవకాశం సుమారు సగం. ఇవన్నీ కలిపి లెక్కేస్తే మీ తమ్ముడికి రెండు కాపీలూ దెబ్బతిని ఉండే అవకాశం సుమారు ఎనిమిదింట ఒకటి. ఇలాంటి మేనమామ గానీ మేనరికం గానీ లేని ఇళ్లలో అయితే అది నూటికి ఒకటి కూడా ఉండదు. మేనరికం తప్పని చెప్పడానికి కాదు, ఈ ఒక్క మందు విషయంలో మీ ఇంటి లెక్క ఊరందరి లెక్క కాదని చెప్పడానికి ఇదంతా. ఇదే అవకాశం మీకూ ఉంది.

పరీక్ష చేయించడం కష్టమేమీ కాదు. ఊదా రంగు మూత ఉన్న ఈడీటీఏ ట్యూబులో రెండు మూడు మి.లీ. రక్తం చాలు, పరగడుపున వెళ్లాల్సిన పనిలేదు. చిత్తూరులోనో తిరుపతిలోనో తీసి బయటి ఊరి ల్యాబుకు పంపుతారు. చీటీ మీద "ఎన్‌యూడీటీ15, టీపీఎంటీ జీనోటైప్" (జన్యువునే చూసే పరీక్ష) అని రెండు పేర్లూ రాయించండి. డబ్బు కట్టే ముందు ఒక్క ప్రశ్న అడగండి: ఎన్‌యూడీటీ15లో 415వ స్థానంలో సీ బదులు టీ వచ్చే మార్పు, అంటే ఆర్ఎస్116855232, చూస్తారా? మన దగ్గర కనబడే స్టార్2, స్టార్3 రకాలు రెండూ దానితోనే పట్టుబడతాయి. టీపీఎంటీలో మనకు ముఖ్యమైనది స్టార్3సీ. కౌంటర్లో కూర్చున్న అబ్బాయికి తెలియకపోతే ల్యాబు డాక్టరుతో మాట్లాడించమనండి.

జీనోటైప్ కాకుండా "టీపీఎంటీ ఎంజైమ్ యాక్టివిటీ" అని ఇంకో పరీక్ష ఉంది. అది ఎర్రకణాల్లో కొలుస్తారు. రక్తం బాగా పోయి ఈమధ్యే రక్తం ఎక్కించి ఉంటే దాతగారి ఎంజైమే రిపోర్టులో కనబడుతుంది. కొలైటిస్‌వాళ్లకు రక్తం ఎక్కించడం అరుదేమీ కాదు కాబట్టి జీనోటైపే మేలు. అది జీవితంలో ఒక్కసారి చేయిస్తే చాలు. మందు వాడుతూ చేసే 6-టీజీఎన్ (పైన చెప్పిన థయోగ్వానిన్ న్యూక్లియోటైడ్ల) స్థాయి పరీక్ష కూడా ఎన్‌యూడీటీ15 లోపాన్ని పట్టదు. ఎర్రకణాల్లో స్థాయి మామూలుగానే ఉండి మజ్జ మాత్రం దెబ్బతినొచ్చు.

ఎన్‌యూడీటీ15, టీపీఎంటీ రెంటికీ స్టార్1/స్టార్1 అని వస్తే రెండు కాపీలూ బాగున్నాయని అర్థం. పూర్తి మోతాదు కిలోకు 2 నుంచి 2.5 మి.గ్రా., మీ తమ్ముడికి 108 నుంచి 135 మి.గ్రా. డాక్టర్లు 50తో మొదలుపెట్టి, సీబీపీ చూసుకుంటూ రెండు నుంచి నాలుగు వారాలకోసారి 25 చొప్పున పెంచుతారు.

స్టార్1/స్టార్3 వస్తే ఒక కాపీ పోయిందని. జన్యువును బట్టి మందు మోతాదు చెప్పే అంతర్జాతీయ నిపుణుల బృందం సీపిక్ మార్గదర్శకం మామూలు మోతాదులో 30 నుంచి 80 శాతంతో మొదలుపెట్టమంటుంది. కిలోకు 2 మి.గ్రా. లెక్కన మీ తమ్ముడికి అది సుమారు 32 నుంచి 86 మి.గ్రా. డాక్టరుగారు రాసిన 50 కిలోకు ఒక మి.గ్రా. కూడా కాదు, కాబట్టి అది ఈ హద్దులోనే ఉంది. అయినా మీ ఇంటి చరిత్ర చూస్తే 25తో, అంటే సగం మాత్రతో, మొదలుపెట్టడమే నాకు సబబుగా తోస్తుంది. ప్రతి మెట్టుకూ కనీసం నాలుగు వారాలు ఆగాలి. ఎన్‌యూడీటీ15లో ఒకటి, టీపీఎంటీలో ఒకటి, రెంటిలోనూ మార్పులు వస్తే ఇంకా తక్కువ మోతాదు కావాలి.

స్టార్3/స్టార్3, లేదా స్టార్2/స్టార్3 వస్తే ఈ మందు వద్దు. 50 కాదు, 25 కూడా వద్దు. క్యాన్సర్ పిల్లలకైతే వేరే దారి లేక మోతాదును పదో వంతుకు దించి ఇస్తారు. పేగు జబ్బుకు వేరే మందులున్నాయి, ఆ సాహసం అక్కర్లేదు. కొందరు "అజాథయోప్రిన్ పడకపోతే 6-మెర్కాప్టోప్యూరిన్ ఇద్దాం" అంటారు. వాంతులు, వికారం ఉన్నవారికి అది మంచి ఉపాయమే. ఎన్‌యూడీటీ15 లోపానికి మాత్రం పనికిరాదు, రెండు మందులదీ ఒకే దారి.

నార్మల్ వస్తే ధైర్యంగా వేసుకోవచ్చా అన్నదానికి జవాబు: వేసుకోవచ్చు, సీబీపీ మానకుండా. యూరప్‌లో ఈ మందుతో మజ్జ దెబ్బతిన్న క్రోన్స్ రోగులను పరీక్షిస్తే నాలుగో వంతు మందిలోనే టీపీఎంటీ లోపం కనబడింది. మిగతావారికి వైరల్ జ్వరాలు, వేరే మందులు, ఇంకా పట్టుబడని కారణాలు. అందుకని మొదటి నెల వారానికోసారి, రెండు మూడు నెలల్లో రెండు వారాలకోసారి, ఆ తర్వాత కనీసం మూడు నెలలకోసారి సీబీపీ, కాలేయ పరీక్ష. మోతాదు పెంచిన ప్రతిసారీ మళ్లీ వారం లెక్కకు రావాలి.

సీబీపీ చదవడంలో రెండు చోట్ల పొరపాటు జరుగుతుంది. చిన్న ల్యాబుల రిపోర్టులో మొత్తం తెల్లకణాలు, వాటి కింద శాతాలు మాత్రమే ఉంటాయి. మొత్తం 4,200 ఉంటే "నార్మల్" అని చీటీ మడిచి జేబులో పెట్టుకుంటారు. కింద న్యూట్రోఫిల్స్ (ఇన్ఫెక్షన్లతో ముందుగా పోరాడే తెల్లకణాలు) 30 శాతం అని ఉంటే, 4,200ను 0.30తో గుణిస్తే 1,260. ఇది తక్కువ. మొత్తం 3,500 కన్నా, న్యూట్రోఫిల్స్ 1,600 కన్నా దిగితే తర్వాతి మాత్ర వేసుకోకముందే డాక్టరుగారికి చెప్పాలి. 1,000 లోపైతే ఆసుపత్రికే వెళ్లాలి. రెండో పొరపాటు స్టెరాయిడ్ వల్ల. ప్రెడ్నిసోలోన్ వాడేవారికి తెల్లకణాలు సహజంగానే ఎక్కువగా కనబడతాయి. మందు మొదలుపెట్టినప్పుడు 14,000 ఉండి మూడు వారాల్లో 5,000కి వస్తే అంకె నార్మలే, పడిపోవడం మాత్రం నిజం. రిపోర్టులన్నీ తేదీల వారీగా ఒక పుస్తకంలో రాసుకుని ఆ వరుసను చూపించండి, ఒక్క అంకెను కాదు. మందు ఆపాక కూడా కొన్ని రోజులు కణాలు ఇంకా దిగుతూ పోవచ్చు, కాబట్టి ఆపేశాం కదా అని పరీక్ష మానకూడదు.

జుట్టు గురించి ఇక్కడివాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. ఎన్‌యూడీటీ15 లోపానికి ఇంట్లోనే కనబడే తొలి గుర్తు జుట్టు రాలడం. జబ్బు నయమవ్వాలని మొక్కుకుని, మందు మొదలుపెట్టిన రోజుల్లోనే తిరుమలలో తలనీలాలు ఇచ్చేవారు మనలో చాలామంది. గుండు మీద ఆ గుర్తు దొరకదు. మొక్కు తీర్చుకోండి, అందులో తప్పేం లేదు. మొదటి రెండు నెలల సీబీపీ తేదీల్లో మాత్రం ఒక్కటి కూడా దాటనివ్వకండి. తల మీద జుట్టు ఉన్నవారికైతే దిండు మీద, దువ్వెనలో కుచ్చులు కనబడిన రోజే పరీక్ష.

జ్వరం 100.4 దాటినా, గొంతులో పుండ్లు పడినా ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర సూది వేయించుకుని రెండు రోజులు చూద్దామనుకోకండి. మాత్ర ఆపి, అదే రోజు సీబీపీ చేయించి, రాత్రయినా సరే తిరుపతిలో రుయాకో స్విమ్స్‌కో, మీకు దగ్గరున్న పెద్దాసుపత్రికో వెళ్లండి. "అజాథయోప్రిన్ వాడుతున్నాడు, తెల్లకణాలు పడిపోయి ఉండొచ్చు" అన్న మాట క్యాజువాలిటీలో మొదట చెప్పాలి.

జన్యువులన్నీ సరిగ్గా ఉన్నా ఒక మాత్రతో అదే ప్రమాదం కొనితెచ్చుకోవచ్చు. యూరిక్ యాసిడ్‌కు వాడే అలోప్యూరినాల్, ఫెబుక్సోస్టాట్ పైన చెప్పిన క్సాంథిన్ ఆక్సిడేజ్ దారిని మూసేస్తాయి. కీళ్ల నొప్పి అని చెబితే, పేగు డాక్టరు రాసిన చీటీ చూడకుండానే వేరేచోట ఇవి రాసేస్తారు. అలోప్యూరినాల్ తప్పనిసరైతే అజాథయోప్రిన్‌ను నాలుగో వంతుకో మూడో వంతుకో దించాలి. ఫెబుక్సోస్టాట్‌తో అసలు కలపరు. కోట్రైమోక్సజోల్ అనే యాంటీబయాటిక్ కూడా తెల్లకణాలను ఇంకా దించగలదు. మెడికల్ షాపులో ఏ మందు తీసుకున్నా ఈ పేర్లు ఉన్నాయేమో చూసుకోండి.

క్లోమం వాపు వేరే సంగతి. మొదటి నాలుగైదు వారాల్లో పైకడుపులో మొదలై వెన్నులోకి పాకే నొప్పి, వాంతులు వస్తే గ్యాస్ అనుకుని పాంటాప్‌తో సరిపెట్టకండి, క్లోమం వాపును పట్టే లైపేజ్ రక్త పరీక్ష చేయించాలి. ఇది హెచ్ఎల్ఏ-డీక్యూఏ1 స్టార్02:01, డీఆర్‌బీ1 స్టార్07:01 అనే రోగనిరోధక జన్యువుల జంటతో ముడిపడిందని 2014లో తేలింది. ఒక కాపీ ఉన్నవారిలో సుమారు 9 శాతానికి, రెండున్నవారిలో 17 శాతానికి ఇది రావొచ్చని అప్పటి అంచనా. ఆ లెక్క యూరప్‌వాళ్లది, ముందుగా ఈ పరీక్ష చేయించడం మన దగ్గర ఆనవాయితీ కాదు, చేయించమని నేనూ చెప్పను. దీనికి మోతాదుతో సంబంధం లేదు. ఒకసారి వచ్చిందంటే తక్కువ మోతాదులోనూ, 6-మెర్కాప్టోప్యూరిన్ రూపంలోనూ మళ్లీ ఇవ్వకూడదు.

మిగతా మందుల గురించి. మెసాలమిన్ వాడేవారికి జన్యు పరీక్ష అక్కర్లేదు, ఆరు నెలలకో ఏడాదికో క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) చూసుకుంటే చాలు. సల్ఫాసలజిన్ అయితే జీ6పీడీ (ఎర్రకణాలను కాపాడే ఎంజైము) పరీక్ష ముందే చేయించడం మంచిది. లోపం ఉన్న మగవాళ్లకు రక్తం విరిగి మూత్రం కోలా రంగులో రావొచ్చు, కళ్లు పచ్చబడొచ్చు. రక్తం విరుగుతున్న సమయంలో ఆ పరీక్ష తప్పుగా నార్మల్ చూపొచ్చు, మూడు నెలలాగి మళ్లీ చేయించాలి. మనవాళ్లలో సగానికి పైగా ఎన్‌ఏటీ2 (కొన్ని మందులను కరిగించే కాలేయ ఎంజైము) నెమ్మదిగా పనిచేసేవారే. సల్ఫాసలజిన్‌తో వాళ్లకు తలనొప్పి, వికారం ఎక్కువ. దానికి పరీక్ష కాదు, 500 మి.గ్రా.తో మొదలుపెట్టి మెల్లగా పెంచడమే వైద్యం. ఇదే ఎన్‌ఏటీ2 ఇంకోచోట అవసరపడుతుంది. ఇన్‌ఫ్లిక్సిమాబ్ లాంటి ఇంజెక్షన్ల ముందు దాగి ఉన్న క్షయకు ఐసోనియాజిడ్ ఇస్తే, నెమ్మది రకంవారికి కాలేయం వాపు ముప్పు ఎక్కువ. ఆ నెలల్లో ఎస్‌జీపీటీ (కాలేయ పరీక్ష) తప్పకుండా చూడాలి.

ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్ విషయంలో జన్యువు వల్ల వచ్చే చిక్కు, ఒళ్లు మందుకు ఎదురుగా యాంటీబాడీలు తయారుచేసుకోవడం. హెచ్ఎల్ఏ-డీక్యూఏ1 స్టార్05 ఉన్నవారిలో ఈ ముప్పు సుమారు రెట్టింపని 2020లో బ్రిటన్ అధ్యయనం చూపింది. దాన్ని తగ్గించడానికి పక్కన అజాథయోప్రిన్ కలుపుతారు. అంటే ఇవాళ చేయించే ఎన్‌యూడీటీ15 రిపోర్టు రేపు ఇంజెక్షన్‌కు వెళ్లినా పనికొస్తుంది. మీ తమ్ముడికి రెండు కాపీలూ పోయి ఉంటే ఆ జత కుదరదు. అప్పుడు వెడోలిజుమాబ్, టోఫాసిటినిబ్ మాత్రలు, లేదా ఇన్‌ఫ్లిక్సిమాబ్‌తో మెథోట్రెక్సేట్ గురించి మాట్లాడాలి. మెథోట్రెక్సేట్ ఒక్కటే అల్సరేటివ్ కొలైటిస్‌ను అదుపులో ఉంచుతుందనడానికి ఆధారం బలహీనం. దానికి ఎంటీహెచ్ఎఫ్ఆర్ (ఫోలిక్ యాసిడ్‌ను వాడుకునే ఎంజైము) జన్యు పరీక్ష చేయిస్తామంటే వద్దనండి, ఆ రిపోర్టు ఏ నిర్ణయాన్నీ మార్చదు. ఇక "10 మి.గ్రా. స్టెరాయిడ్‌తోనే నెట్టుకొద్దాం" అన్నది అన్నిటికన్నా చెడ్డ ఎంపిక. 26 ఏళ్లవాడి ఎముకలు, కళ్లు, షుగరు దానికి బలవుతాయి.

వీలైతే మేనమామకు కూడా ఈ పరీక్ష చేయించండి. ఆయనకు మార్పు లేదని వస్తే పైన వేసిన లెక్కంతా మారిపోతుంది, ఆయనకు జరిగినదానికి వేరే కారణం వెతకాలి. ఉందని వస్తే మీ ఇంట్లో అందరికీ ఆ మాట తెలియాలి. అజాథయోప్రిన్ పేగు జబ్బుకే కాదు, లూపస్‌కు, కిడ్నీ మార్పిడికి, వయ్యారిభామ కలుపు వల్ల వచ్చే మొండి చర్మ అలర్జీకి కూడా రాస్తారు. 6-మెర్కాప్టోప్యూరిన్ పిల్లల రక్త క్యాన్సర్‌లో వాడతారు. రిపోర్టును ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి, మీ తమ్ముడి ఓపీ పుస్తకం మొదటి పేజీలో ఎర్ర సిరాతో రాయించండి.

వెల్లూరు సంగతి: పరీక్ష కోసమైతే వెళ్లక్కర్లేదు, రక్తం ట్యూబు వెళితే చాలు. స్టార్1/స్టార్1 అయినా స్టార్1/స్టార్3 అయినా తిరుపతిలో మీ డాక్టరుగారే చూసుకోగలరు, వారం వారం సీబీపీకి దగ్గరున్న మనిషే మేలు. స్టార్3/స్టార్3 వచ్చి తర్వాతి మందు ఏదని తేల్చుకోవాల్సి వస్తే అప్పుడు వెల్లూరు సీఎంసీలో గ్యాస్ట్రోఎంటరాలజీ విభాగంలో చూపించుకోవడం మంచిది. వెళ్లేటప్పుడు జన్యు రిపోర్టు, చివరి కొలనోస్కోపీ బయాప్సీ, ఛాతీ ఎక్స్‌రే, క్షయ పరీక్ష, ఇప్పటిదాకా చేయించిన సీబీపీల వరుస, ఇవన్నీ తీసుకెళ్లండి.